ఊపడానికి చోటు లేనప్పుడు: సమ్మెటకూ గోల్ఫ్ కర్రకూ ఒకటే లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పేరు వినగానే ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది. 1955లో భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందంతో దానికి బీజం పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన రైళ్లు నడిచే పట్టాల్లో చాలా భాగం అక్కడ తయారైనవే. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని వెళ్లి, అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి.

ఇలాంటి కర్మాగారంలో మరమ్మతులు చేసే ఫిట్టర్‌కు తరచూ ఒక చిక్కు ఎదురవుతుంది. బిగుసుకుపోయిన నట్టును విప్పాలి. కానీ అది రెండు గొట్టాల మధ్య సందులో ఉంటుంది. సమ్మెట ఎత్తితే వెనక దూలానికి తగులుతుంది. స్పానర్ తిప్పితే పక్క గోడ అడ్డొస్తుంది. చేతిలో బలం ఉంది, పనిముట్టు ఉంది, లేనిదల్లా ఊపడానికి చోటు. అప్పుడు అనుభవం ఉన్న పనివాడు ఏం చేస్తాడు? సమ్మెట పిడిని తలకు దగ్గరగా పట్టుకుంటాడు. పెద్ద దెబ్బ ఒకటి వేసే బదులు చిన్న దెబ్బలు ఎక్కువ వేస్తాడు. లేదా పనిముట్టునే మారుస్తాడు.

పనిముట్టు మార్చడంలో కూడా లెక్క ఉంది. నట్టుకు ఆరు పలకలు ఉంటాయి కాబట్టి నోరు తెరిచి ఉండే మామూలు స్పానర్‌ను తీసి మళ్లీ తగిలించాలంటే ప్రతిసారీ 60 డిగ్రీలు తిరగాలి. చాలా స్పానర్ల నోరు పిడికి 15 డిగ్రీలు పక్కకు వాలి ఉండటం మీరు గమనించే ఉంటారు. అది తయారీ లోపం కాదు. స్పానర్‌ను ఒకసారి ఇటు, ఒకసారి అటు బోర్లించి తగిలిస్తే 30 డిగ్రీల చోటు సరిపోతుంది. 72 పళ్లున్న రాచెట్ అయితే కేవలం 5 డిగ్రీల కదలికతోనే పని జరిగిపోతుంది. చోటు తగ్గినకొద్దీ పనిని చిన్న చిన్న వాయిదాలుగా విడగొట్టడమే ఇక్కడి కిటుకు.

ఇప్పుడు ఇదే చిక్కు వాయిదాలకు వీల్లేని చోట వస్తే? గోల్ఫ్ ఆటగాడి పరిస్థితి సరిగ్గా అదే. బంతి చెట్టు మొదట్లో ఆగింది. కర్రను పూర్తిగా వెనక్కి తీయడానికి చోటు లేదు. ఫిట్టర్ పది దెబ్బలు వేసినా ఎవరూ లెక్కపెట్టరు. గోల్ఫ్‌లో ప్రతి దెబ్బా లెక్కలోకి వస్తుంది, తక్కువ దెబ్బల్లో ముగించినవారే గెలుస్తారు. కావలసిన శక్తినంతా ఒకే దెబ్బలో, ఉన్న కొద్దిపాటి చోటులోనే బంతికి అందించాలి. అది ఎంతవరకు సాధ్యమో భౌతికశాస్త్రం చెబుతుంది. ఎక్కడ ఆగాలో కూడా అదే చెబుతుంది.

గోడలూ చెట్లూ ఉన్న మైదానాలు

గోల్ఫ్ మైదానం క్రికెట్ మైదానంలా చదునుగా, ఖాళీగా ఉండదు. చెట్లు, పొదలు, రాళ్లు, నీటి మడుగులు ఆటలో భాగమే. తెలుగువారికి దగ్గర ఉదాహరణ హైదరాబాద్‌లోని గోల్కొండ. 1656లో మొగలుల ముట్టడి జరిగాక అబ్దుల్లా కుతుబ్ షా కోటకు ఈశాన్యంగా కట్టించిన భాగాన్ని నయాఖిల్లా అంటారు. ఇప్పుడు ఆ ఆవరణలో గోల్ఫ్ మైదానం ఉంది. పాత ప్రాకారాలు, దక్కన్ బండరాళ్లు అక్కడి నేలకు సహజం. సుమారు 27 మీటర్ల చుట్టుకొలతతో ఏనుగుల చెట్టుగా పేరుపడ్డ బావోబాబ్ వృక్షం ఉన్నది కూడా నయాఖిల్లాలోనే. అంతటి మాను పక్కన బంతి ఆగితే ఏ ఆటగాడైనా తల గోక్కోవలసిందే.

గోల్ఫ్ ఆడనివారికి కూడా ఈ సమస్య కొత్తదేమీ కాదు. ఇరుకు సందులో గోటీబిళ్ల ఆడిన పిల్లలు వెనక గోడ ఉందని కర్రను కిందికి పట్టుకుని, చిన్నగా ఊపి కొడతారు. వాళ్లు చేసేది సరైన పనే. ఎందుకు సరైనదో చూద్దాం.

సగం ఊపితే సగం వేగమేనా?

ఊపు అంటే శక్తిని పోగుచేసే దారి. మన కండరాలు కర్ర మీద బలాన్ని ప్రయోగిస్తాయి. కర్ర ఆ బలంతో ఎంత దూరం ప్రయాణిస్తే అంత పని జరుగుతుంది. ఆ పని కర్ర తలలో గతిజశక్తిగా మారుతుంది. బలం మారకుండా ఉండి దూరం సగమైతే శక్తి కూడా సగమవుతుంది.

అయితే గతిజశక్తి వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే శక్తి సగమైతే వేగం సగం కాదు. సగం యొక్క వర్గమూలం, అంటే సుమారు 71 శాతం, మిగులుతుంది. అదే లెక్కన ముప్పావు ఊపుతో 87 శాతం వేగం వస్తుంది. పావు ఊపుతో కూడా 50 శాతం వస్తుంది.

ఇది సరళమైన లెక్క. నిజమైన ఊపులో బలం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు. కండరం ఎంత వేగంగా కుంచించుకుంటే అది ఇవ్వగలిగే బలం అంత తగ్గుతుందని బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ 1938లో చూపించారు. ఊపు పొడవు పెంచుకుంటూ పోతే ప్రతి అదనపు అంగుళం ఇచ్చే లాభం తగ్గుతూ ఉండటానికి ఇదొక కారణం. అందుకే ఊపు తగ్గించినప్పుడు మనం భయపడినంత నష్టం రాదు.

బంతి దూరం సంగతి? గాలి లేని చోట బంతి వెళ్లే దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం 71 శాతమైతే దూరం సగమవుతుంది. గాలి ఉన్నప్పుడు వేగంగా వెళ్లే బంతినే గాలి ఎక్కువగా అడ్డుకుంటుంది. కాబట్టి నెమ్మదిగా వెళ్లే బంతికి నష్టం కాస్త తక్కువ. మామూలుగా ఒక కర్రతో 130 మీటర్లు కొట్టే వ్యక్తి సగం ఊపుతో సుమారు 65 నుంచి 90 మీటర్ల దాకా ఆశించవచ్చు. చెట్ల మధ్య నుంచి బయటపడటానికి చాలాసార్లు అంత దూరం కూడా అక్కర్లేదు.

రెండు లోలకాల కథ

చెట్టు భుజం కదలికను ఆపినా మణికట్టును ఆపకపోవచ్చు. దీని ప్రాధాన్యం అర్థం కావాలంటే గోల్ఫ్ ఊపును రెండు లోలకాలుగా ఊహించుకోవాలి. మొదటి లోలకం భుజం నుంచి మణికట్టు దాకా ఉన్న చేయి. రెండోది మణికట్టు నుంచి కర్ర తల దాకా ఉన్న కర్ర. రెండింటినీ కలిపే కీలు మణికట్టు. బ్రిటన్‌కు చెందిన అలస్టేర్ కొక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో వెలువరించిన పుస్తకంతో ఈ నమూనా బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఊపు మొదట్లో మణికట్టు మడిచి ఉంటుంది. చేయి కిందికి వస్తుంది. బంతిని చేరే ముందు మణికట్టు విచ్చుకుంటుంది. ఆ క్షణంలో చేయి నెమ్మదిస్తుంది, కర్ర కొస వేగం అందుకుంటుంది. చేతిలోని శక్తి కర్రలోకి బదిలీ అయిందన్నమాట. బట్టలు ఉతికేవారు తడి బట్టను బండకేసి కొట్టేటప్పుడు చేయి ఆగినా బట్ట కొస విసురుగా వెళ్లడం ఇలాంటిదే.

దీన్నిబట్టి వెనక చెట్టున్న ఆటగాడికి ఒక ఉపాయం దొరుకుతుంది. చేతులను వెనక్కి తీసుకెళ్లడానికి చోటు లేకపోతే మణికట్టును ముందుగానే మడిచి కర్రను నిటారుగా పైకి ఎత్తవచ్చు. కర్ర తల వెనక్కి పోకుండా పైకి లేస్తుంది. మాను దాటకుండానే రెండో లోలకం సిద్ధమవుతుంది. అదే చెట్టు కొమ్మలు పైన అడ్డుంటే దీనికి విరుద్ధంగా చేయాలి. మణికట్టు మడవకుండా కర్రను నేలకు దగ్గరగా వెనక్కి తీయాలి. ఏ వైపు చోటు ఉందో ఆ వైపు లోలకాన్ని వాడుకోవడమే సూత్రం.

పిడిని కిందికి పట్టుకుంటే

ఫిట్టర్ సమ్మెటను తలకు దగ్గరగా పట్టుకున్నట్టే ఆటగాడు కూడా కర్రను కిందికి పట్టుకోవచ్చు. దీనివల్ల కర్ర తల తిరిగే వృత్తం చిన్నదవుతుంది, తక్కువ చోటు సరిపోతుంది. రెండో లాభం జడత్వ భ్రామకం తగ్గడం. తిరుగుతున్న వస్తువును కదిలించడం ఎంత కష్టమో చెప్పే రాశి ఇది. తిరిగే బిందువు నుంచి బరువు ఎంత దూరంలో ఉందో, ఆ దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది. 95 సెంటీమీటర్ల కర్రను 10 సెంటీమీటర్లు కిందికి పట్టుకుంటే మణికట్టు చుట్టూ కర్ర తల జడత్వ భ్రామకం సుమారు 20 శాతం తగ్గుతుంది. కర్ర తేలిగ్గా అనిపిస్తుంది, మాట వింటుంది. కండరాలు మరింత వేగంగా కదలవలసి రావడంతో కొంత బలం పోతుంది, కాబట్టి దూరం కొంత తగ్గుతుంది. బంతిని కర్ర తల మధ్యలో కొట్టే అవకాశం మాత్రం పెరుగుతుంది. ఇరుకులో ఉన్నప్పుడు దూరం కన్నా అదే విలువైనది.

చెట్టు ముందు ఉంటే

ఇప్పుడు అడ్డంకిని ముందుకు తెద్దాం. వెనక్కి ఊపడానికి చోటు ఉంది. కానీ బంతిని కొట్టాక కర్ర వెళ్లే దారిలో మాను ఉంది. బంతి మాత్రం దాని పక్కనుంచి వెళ్లిపోగలదు. ఇక్కడ ఏం జరుగుతుంది?

కర్ర, బంతి ఒకదానికొకటి తగిలి ఉండే సమయం సెకనులో రెండు వేల వంతు మాత్రమే. కర్ర తల సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో, వస్తోందనుకుందాం. ఆ సమయంలో అది కదిలే దూరం ఒకటిన్నర సెంటీమీటర్. ఆ తర్వాత కర్ర ఎక్కడికి వెళ్లినా బంతికి పట్టింపు లేదు. కాబట్టి సిద్ధాంతం ప్రకారం ముందున్న చెట్టు దెబ్బను పాడుచేయలేదు.

కానీ కర్రను ఆపాల్సింది మన చేతులు. ఆ కర్ర తల బరువు సుమారు 270 గ్రాములు. సెకనుకు 30 మీటర్ల వేగంలో దాని గతిజశక్తి దాదాపు 120 జౌళ్లు. 46 గ్రాముల బంతి సెకనుకు 40 మీటర్ల వేగంతో వెళ్తే సుమారు 37 జౌళ్లు పట్టుకుపోతుంది. కొంత వేడిగా పోతుంది. కర్ర తలలో ఇంకా 70 జౌళ్ల దాకా మిగులుతుంది.

దాన్ని ఒక మీటరు దూరంలో మెల్లగా ఆపితే సగటున 70 న్యూటన్ల బలం చాలు. అది 7 కిలోల బస్తాను మోసినంత. పది సెంటీమీటర్లలో ఆపాలంటే అది 70 కిలోలతో సమానం. మానుకు తగిలి ఒక్క సెంటీమీటర్‌లో ఆగితే 700 కిలోల బరువుకు సమానమైన బలం పుడుతుంది. అదంతా చేతికి చేరదు. కర్ర వంగి కొంత తనలో దాచుకుంటుంది. అయినా చేరే భాగం చిన్నది కాదు.

చిటికెన వేలి వైపు, అరచేతి మొదట్లో హమేట్ అనే చిన్న ఎముక ఉంది. దానికి కొక్కెం లాంటి భాగం ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. గోల్ఫ్ కర్ర పిడి కొస సరిగ్గా దాని మీద ఆనుతుంది. కర్ర నేలకో వేరుకో తగిలి ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ కొక్కెం విరగడం క్రీడా వైద్యులకు బాగా తెలిసిన గాయం. మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. అరచేతిలో నొప్పి వారాల తరబడి తగ్గకపోతే బెణుకులే అనుకుని వదిలేయకూడదు.

అందుకే ముందు అడ్డంకి ఉన్నప్పుడు అనుభవజ్ఞులు ఊపును రెండు వైపులా తగ్గిస్తారు. వెనక్కి తక్కువ తీస్తారు కాబట్టి వేగం తక్కువగా ఉంటుంది, ఆపడమూ తేలికవుతుంది. పూర్తిగా ఊపి చివరి క్షణంలో ఆపుదామనుకుంటే శరీరం భయంతో బంతికి ముందే నెమ్మదిస్తుంది. అప్పుడు బంతీ పోదు, చేతికీ దెబ్బ తప్పదు.

కొమ్మల కిందుగా

మూడో సందర్భంలో ఊపడానికి కొంత చోటు ఉంటుంది కానీ పైన కొమ్మలు వాలి ఉంటాయి. బంతి లేవకూడదు. దీనికి చిన్న త్రికోణమితి చాలు. ఆరు మీటర్ల దూరంలో రెండు మీటర్ల ఎత్తున కొమ్మ ఉందనుకుందాం. దాని కిందుగా పోవాలంటే బంతి బయలుదేరే కోణం సుమారు 18 డిగ్రీలకు లోబడి ఉండాలి. 12 డిగ్రీలతో బయలుదేరితే కొమ్మ దగ్గర బంతి ఎత్తు 1.3 మీటర్లకు మించదు.

కోణం తగ్గించడానికి మూడు మార్గాలు ఉన్నాయి. ఒకటి, ముఖం తక్కువ వాలు ఉన్న కర్రను ఎంచుకోవడం. రెండు, బంతిని వెనక పాదం వైపు ఉంచుకుని, కొట్టే క్షణంలో చేతులు కర్ర తల కన్నా ముందుండేలా చూసుకోవడం. కర్ర ముందుకు వాలినంత మేర ముఖం వాలు తగ్గుతుంది. మూడు, మెల్లగా కొట్టడం.

మూడోది వింతగా అనిపించవచ్చు. వాలు ఉన్న ముఖం తగిలినప్పుడు బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ వెళ్తుంది. ఆ భ్రమణం వల్ల బంతి తన వెనక ఉన్న గాలిని కిందికి మళ్లిస్తుంది. దానికి ప్రతిచర్యగా బంతి పైకి లేస్తుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. మెల్లగా కొడితే భ్రమణమూ తక్కువ, గాలి ఇచ్చే ఎత్తూ తక్కువ. కంగారులో గట్టిగా కొట్టిన బంతి కొమ్మల్లోకి లేచి చిక్కుకోవడానికి ఇది ముఖ్యమైన కారణం. చిన్న ఊపు ఇక్కడ లోపంగా ఉండదు, పనికొచ్చే గుణమే అవుతుంది.

కొన్నిసార్లు మోకాళ్ల మీద కూర్చుని కొట్టాల్సి వస్తుంది. అప్పుడు కర్ర నేలకు సమాంతరంగా వాలుతుంది, తల కొన పైకి లేస్తుంది. దాంతో కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకు మళ్లుతుంది. ముఖం వాలు ఎక్కువ ఉన్న కర్రతో ఈ మళ్లింపు ఎక్కువ. అందువల్ల తక్కువ వాలు కర్ర వాడుతూ, గురిని కాస్త కుడికి జరపాలి.

నిలబడే చోటే లేకపోతే

బంతి మానుకు కుడివైపు ఆనుకుని ఉంటే కుడిచేతి ఆటగాడు నిలబడలేడు. అప్పుడు కర్రను తిరగేసి ఎడమచేతి వాటంగా కొట్టవచ్చు. లేదా లక్ష్యానికి వీపు చూపి, ఒంటిచేత్తో వెనక్కి కొట్టవచ్చు. కర్ర తలలో ఏ భాగంతో కొట్టినా నియమాలు ఒప్పుకుంటాయి. నెట్టడం, గోకడం మాత్రం కుదరదు.

స్పెయిన్ ఆటగాడు సెర్హియో గార్సియా ఇలాంటివాటికి పేరుమోశాడు. 1999లో అమెరికాలోని మెడైనాలో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో అతని బంతి చెట్టు వేర్ల మధ్య ఆగింది. 19 ఏళ్ల ఆ కుర్రాడు కళ్లు మూసుకుని కొట్టి, బంతి ఎటు పోయిందో చూడటానికి పరుగెత్తాడు. అది గమ్యస్థానమైన గ్రీన్‌ను చేరింది. 2013లో ఫ్లారిడాలోని బే హిల్‌లో బంతి చెట్టు మీదే చిక్కుకుంటే పైకెక్కి ఒంటిచేత్తో వెనక్కి కొట్టాడు.

ఈ దృశ్యాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ కళ్లెందుకు మూసుకున్నాడో ఆలోచించండి. వేరుకు తగిలిన కర్ర నుంచి ఏదైనా ఎగిరి వస్తుందేమోనన్న భయం సహజం. ఆ భయానికి ఆధారముంది.

చెట్టూ, ఉక్కు స్తంభమూ ఒకటి కాదు

భిలాయి పాఠకులకు నచ్చే నియమం ఒకటుంది. ఊపుకు అడ్డొచ్చేది మనిషి కట్టిన కదలని వస్తువైతే, ఉదాహరణకు మైదానంలోని ఉక్కు స్తంభమైతే, ఆటగాడు బంతిని జరుపుకోవచ్చు. దండన ఉండదు. అదే అడ్డు చెట్టయితే ఆ సౌకర్యం లేదు. చెట్టు ఆటలో భాగం. మైదానం సరిహద్దును సూచించే కంచెకూ ఈ రాయితీ వర్తించదు.

కొమ్మను విరిచి చోటు చేసుకోవడం కూడా తప్పే. బంతిని ఆడలేనని ఆటగాడు తనంతట తానే ప్రకటించవచ్చు. అప్పుడు ఒక దెబ్బ దండనగా లెక్కలో కలుస్తుంది. పాత చోటుకు వెళ్లి మళ్లీ కొట్టవచ్చు, లేదా రెండు కర్రల పొడవు లోపల బంతిని పక్కకు జరుపుకోవచ్చు, లేదా జెండాను, బంతిని కలిపే గీత మీద వెనక్కి వెళ్లవచ్చు.

తెగించాలా, తగ్గాలా?

ఇక్కడే అసలు నిర్ణయం ఉంది. చెట్ల మధ్య చిన్న సందు కనబడుతోంది. సాహసం ఫలిస్తే ఒక దెబ్బ ఆదా అవుతుంది. విఫలమైతే రెండు దెబ్బలు నష్టం. పక్కకు మెల్లగా తట్టి బయటపడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. సాహసం లాభసాటి కావాలంటే మూడుసార్లలో రెండుసార్లకు మించి గెలవాలి. నాలుగింట ఒక్కసారి ఫలించే దెబ్బను కొందరు అదే గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. మిగిలిన మూడుసార్లను మరిచిపోతారు.

దెబ్బల లెక్కతో పాటు ఒంటి లెక్క కూడా ఉంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న మానుకు సెకనుకు 40 మీటర్ల వేగంతో బంతి తగలడానికి 0.05 సెకన్లు పడుతుంది. సగం వేగంతో తిరిగి మన వైపే రావడానికి మరో 0.1 సెకను పడుతుంది. మొత్తం 0.15 సెకన్లు. చూసి తప్పుకోవడానికి మనిషికి కనీసం 0.2 సెకన్లు కావాలి. అంటే తప్పుకునే ప్రశ్నే లేదు.

కర్ర విషయమూ అంతే. ఒకప్పుడు గోల్ఫ్ కర్రలు హికరీ చెక్కతో ఉండేవి. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ నియమ సంస్థ 1929లో ఉక్కు కర్రలను అనుమతించింది. ఉక్కుకు ఉన్న గొప్ప గుణం వంగి మళ్లీ యథాస్థితికి రావడం. రైలు పట్టా అయినా, గోల్ఫ్ కర్ర అయినా ఉక్కు యంగ్ గుణకం దాదాపు 200 గిగాపాస్కల్‌లే. కానీ స్థితిస్థాపక అవధి దాటితే అది తిరిగి రాదు. బోలుగా ఉండే గొట్టం మానుకు తగిలి ఒకసారి నొక్కుకుంటే, ఆ నొక్కు దగ్గరే తర్వాత విరుగుతుంది. విరిగిన కొస కత్తిలా ఉంటుంది. చెట్టుకు తగిలిన కర్రను పరిశీలించకుండా మళ్లీ వాడటం ప్రమాదకరం. కర్మాగారంలో పగిలిన పిడి ఉన్న సమ్మెటను పక్కన పెట్టేయాలని చెప్పేదీ ఇందుకే.

ఇంట్లో చేసి చూడండి

సగం ఊపు అంటే సగం వేగం కాదన్న మాటను ఒక గోళీతో పరీక్షించవచ్చు. అట్టముక్కను మడిచి 30 సెంటీమీటర్ల పొడవైన కాలువ చేయండి. దాని పై కొసను రెండు మూడు పుస్తకాల మీద ఆనించి, కింది కొసను బల్ల మీద ఉంచండి. అక్కడి నుంచి బల్ల అంచు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కింద నేల మీద కాస్త పిండి చల్లండి. గోళీని పై కొస నుంచి వదిలి, అది నేల మీద ఎక్కడ పడిందో గుర్తుపెట్టండి. తర్వాత కాలువ మధ్య నుంచి వదలండి.

బల్ల ఎత్తు మారలేదు కాబట్టి గోళీ పడటానికి పట్టే సమయం రెండుసార్లూ ఒకటే. అందుకే అది ఎంత దూరం పడితే వేగం అంత. మొదటిసారి బల్ల అంచు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో పడితే, రెండోసారి 20 దగ్గర పడదు. 28కి దగ్గరగా పడుతుంది. వర్గమూలం పిండి మీద కనబడుతుంది.

ఇరుకులో ఉన్న ఫిట్టర్‌కూ, చెట్టు కింద ఉన్న ఆటగాడికీ ఈ గోళీ చెప్పేది ఒకటే. చోటు తగ్గితే బలం మొత్తం పోయినట్టు కాదు, ఉన్న చోటులో చేయగలిగింది చాలానే ఉంటుంది. పోయిన వేగాన్ని కండబలంతో తిరిగి రాబట్టాలని చూసినప్పుడే కర్రలు విరుగుతాయి, మణికట్లు దెబ్బతింటాయి. మిగిలిన వేగం ఎంతో ముందే లెక్కవేసుకుని, దానికి తగిన గమ్యాన్ని ఎంచుకుంటే మాత్రం చెట్ల మధ్య నుంచి బంతి బయటికొస్తుంది. మరుసటి దెబ్బకు ఆటగాడూ క్షేమంగా ఉంటాడు.